పసుపు కొమ్ము: మన వారసత్వం, దాని హద్దు

పాడేరు, చింతపల్లి మన్యంలో పసుపు మనకు పంట, మందు రెండూ. కొమ్ములు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు తీసుకెళ్తాం. గాయమైతే అదే కొమ్ము నూరి పెడతాం. ఈ తెలివి మనకు అవ్వల నుంచి వచ్చింది.

1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చారు. మన దేశపు సీఎస్ఐఆర్ సంస్థ 1996లో దాన్ని సవాలు చేసింది. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలు చూపింది. 1953లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం కూడా వాటిలో ఉంది. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ రోజు దేశాన్ని గెలిపించింది కాగితం మీద ఉన్న మాట. మన గూడేల్లో నోటిమాటగా నడిచే మూలికల జ్ఞానం చాలావరకు ఇంకా ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

వారసత్వం అని గర్వపడే మనమే దాని హద్దు కూడా తెలుసుకోవాలి. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌ను 1815లో వోగెల్, పెలెటియర్ వేరుచేశారు. అదే పెలెటియర్ 1820లో కావెంటూతో కలిసి సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీశాడు. క్వినైన్ మలేరియాకు గట్టి మందయింది. రెండు వందల ఏళ్లు దాటినా కుర్కుమిన్‌కు ఆ స్థానం రాలేదు. పసుపు పొడిలో అది నూటికి సుమారు మూడు పాళ్లే ఉంటుంది. తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది మరీ తక్కువ. మిరియాలతో కలిపితే కొంత పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులకు కొంత ఉపశమనం ఇస్తుందని కొన్ని పరీక్షల్లో తేలింది. గాజు గొట్టంలో క్యాన్సర్ కణాలను అణచినంత మాత్రాన మనిషికి నయం చేస్తుందని కాదు. కుర్కుమిన్ ఎక్కువగా ఉన్న మాత్రలు మింగి కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు.

అందుకే హాస్టల్ పిల్లలకు మేము చెప్పేది ఇదే. గొంతు గరగరకు పసుపు పాలు తాగండి. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించుకోండి. పాము కరిస్తే పసుపు పెట్టి కూర్చోవద్దు, విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లండి. లోతైన గాయమైతే టీటీ సూది తప్పదు.

ఇంకో పని కూడా అప్పగిస్తున్నాం. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వాతాతల దగ్గర కూర్చుని రాసుకురండి: మొక్కకు మన భాషలో పేరు, వాడే భాగం, ఏ బాధకు వాడతారు, ఏ బాధకు వాడకూడదంటారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు కూడా మన వైద్యంలో భాగమే.