నర్సమ్మ వ్రాసిన కాగితము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును ఒకనాటి పాలమూరు జిల్లాలోని పట్టణములే యైనను వాని పూర్వచరిత్ర యేకరీతిగా నడచినది కాదు. సోమనాద్రి కట్టించిన కోట నీడలో విద్వాంసులను పోషించి ‘విద్వద్గద్వాల’ యని పేరుపొందినది మొదటిది. రెడ్డిరాజుల సంస్థానమై, పిదప తన రాజప్రాసాదమునే పాలిటెక్నిక్ విద్యార్థులకు విడిచియిచ్చినది రెండవది. నిజాము సర్కారు ప్రత్యక్షపాలనలో నుండి, ఒకప్పుడు జిల్లాకే కేంద్రమై, తరువాత ఆ గౌరవమును పాలమూరునకు వదలుకొన్నది మూడవది. 2016 అక్టోబరు 11వ తేదీన మూడును జిల్లా కేంద్రములైనవి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వాని వెంబడి నర్సింగు విద్యయు ఈ గడ్డపై కాలూనుచున్నది. కళాశాల వచ్చిన వార్తలో ఎన్ని సీట్లు, ఎన్ని పడకలు అని లెక్కించు మనము, ఆ పడకప్రక్క రేయింబవళ్లు నిలువవలసిన యువతికి ఏమి నేర్పుదురు, ఎట్లు నేర్పుదురు అని అడుగుట అరుదు.

వైద్యుడు రోగియొద్ద నిలుచునది కొలది నిమిషములు. తక్కిన దినమంతయు రోగి నర్సుల చేతులలో నుండును, అదియు ఒకరి చేతిలో గాక, ఉదయము, మధ్యాహ్నము, రాత్రి డ్యూటీలకు వచ్చు ముగ్గురి చేతులలో. ఉదయము వచ్చినామె కంటబడిన సంగతి రాత్రి వచ్చినామెకు చేరకున్న, ఎంతటి దయామయి యైనను ఆ రాత్రి ఆమె ఆ రోగికి క్రొత్తదే. నర్సు విద్య దయను నేర్పు విద్య యని మనవారనుకొందురు. దయ ఇంటినుండియే రావలెను. విద్యాలయము నేర్పవలసినది చూచుట, చూచినదానిని వ్రాయుట, వ్రాసినదానిని ఇంకొకరికి అప్పగించుట. గత నూటడెబ్బది యేండ్ల నర్సింగు చరిత్ర యంతయు నా దృష్టిలో ఈ మూడింటిని ఒక పద్ధతిలో నిలుపుటకు జరిగిన ప్రయత్నమే.

1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేలును లోకము దీపము పట్టుకొన్న దేవతగా పూజించినది గాని, ఆమె చేతిలో దీపముకంటె లెక్కపుస్తకమే బలమైన ఆయుధము. 1855 ఫిబ్రవరిలో అచ్చట చేరిన రోగులలో నూటికి నలువదిమందికి పైగా మరణించుచుండగా, పారిశుద్ధ్య సంఘము వచ్చి మురుగుకాలువలను బాగుచేయించి గాలివెలుతురులు కల్పించిన పిమ్మట, కొలదినెలలలోనే ఆ సంఖ్య రెండుమూడింటికి దిగినది. ఏ రోగమున ఎందఱు పోయిరో వ్రాసి, రంగుల చిత్రములుగా గీసి, పాలకుల కన్నులు తెఱపించినది ఆమెయే. 1860లో లండను సెంటు థామస్ ఆసుపత్రిలో ఆమె పేర వెలసిన శిక్షణాలయము నర్సు పనిని ఒక క్రమవిద్యగా మలచినది. ఆమె మన దేశమున అడుగుపెట్టలేదు. అయినను ఇచ్చటి సైనికావాసముల నీరు, మురుగు గూర్చి గుట్టలుగా నివేదికలు చదివి, ఏండ్ల తరబడి అధికారులకు లేఖలు వ్రాసి వారిని విసిగించినది. 1871లో మదరాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ మొదలైనది.

తెలుగునాట ఈ విద్యకు తొలిమెట్లు వేసినవారిలో గుంటూరు కూగ్లరు దొరసానిని తలపకుండ సాగలేము. 1883లో అమెరికానుండి వచ్చిన డాక్టరు అన్నా సారా కూగ్లరు, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెఱచి, స్థానిక యువతులనే నర్సులుగా తీర్చుటకు పూనుకొనినది. పరాయివారి శరీరమును తాకుట, మలమూత్రముల నెత్తుట కులగౌరవమునకు భంగమని తలచిన కాలమున, ఆ పనికి ఒక యూనిఫారము, ఒక పరీక్ష, ఒక యోగ్యతాపత్రము ఏర్పడుట సామాన్యవిషయము కాదు. పద్ధతి యనునది రోగికి ఎంత రక్షయో నర్సుకును అంత రక్ష. ఆమె చేయునది ఊడిగము కాదు, శాస్త్రము అని చెప్పుటకు ఆ కాగితమే ఆధారమైనది.

హైదరాబాదు రాజ్యమున మూసీ వఱదలో 1908లో అఫ్జల్‌గంజి దవాఖాన కొట్టుకొనిపోగా, తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచినది. పాలమూరు పల్లెలకు మాత్రము పట్నపు దవాఖాన బహుదూరము. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషను కేంద్రములు వెలసినవి. ఆ మిషనుకు తొలి వైద్యురాలైన కథరీనా షెల్లెన్‌బర్గు 1907లో వచ్చి, 1945లో మరణించు వఱకు ఈ తెలంగాణ ప్రాంతముననే సేవచేసి, చివరి యేండ్లు శంషాబాదు ఆసుపత్రిలో గడపినది. శంషాబాదునకో పట్నమునకో పోలేని ఇల్లాలికి ఊరి మంత్రసానియే దిక్కు. మంత్రసాని చేతివాటమును తక్కువ చేయుట నాకిష్టము లేదు. బిడ్డ అడ్డము తిరిగినదని కడుపుపై చేయివేసి గుర్తించినవారు వారిలో కలరు. అయితే ఆ జ్ఞానమంతయు వారితోనే కాటికి పోవుచుండెను.

స్వాతంత్ర్యమునకు ముందు 1946లో వెలువడిన భోర్ సంఘపు నివేదిక, దేశమున నలువదిమూడువేలమందికి ఒక్క నర్సు మాత్రమే యున్నదని లెక్కతేల్చినది. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. సంఖ్య పెరుగుటకు మార్గము తెఱచుకొనుచున్న ఆ కాలముననే, సముద్రమునకావల పని నడచు తీరునుగూర్చి ఆలోచన మొదలైనది. 1955లో లిడియా హాల్, 1961లో ఐడా జీన్ ఓర్లాండో, 1967లో యూరా, వాల్ష్ అను విదుషీమణులు, నర్సు పని వైద్యుని ఆజ్ఞలను వరుసగా నెఱవేర్చుటయే కాదనియు, రోగిని పరిశీలించుట, అతని యవసరమేమో నిర్ణయించుట, సేవకు ప్రణాళిక వేయుట, చేయుట, ఫలితమును మరల చూచుట అను దశలు గల స్వతంత్రమైన ఆలోచనాక్రమమనియు స్థాపించిరి. నేడు మన విద్యార్థినులు ‘నర్సింగ్ ప్రాసెస్’ అని చదువునది ఇదియే.

ఈ దశలు పుస్తకమున చదివిన నిస్సారముగా తోచును, పడకప్రక్క చూడవలెను. పక్షవాతముతో కుడివైపు పడిపోయిన అఱువదియేండ్ల రైతును ఆత్మకూరు ప్రాంతమునుండి వనపర్తి దవాఖానకు తెచ్చినారనుకొందము. వైద్యుడు మందులు వ్రాసి వెళ్లును. చదివిన నర్సు దుప్పటి తొలగించి నడుముక్రింద, మడమలవద్ద చర్మము చూచును. త్రికాస్థిపై ఎఱ్ఱదనము కనబడి, వ్రేలితో నొక్కినను తెల్లబడకున్న, పుండు ఆరంభమైనదని గ్రహించును. మ్రింగుట కష్టముగా నున్నదా యని తెలిసికొనకుండ నోట నీరు పోయనీయదు. రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెనని చార్టులో గంటలు వేసి వ్రాయును. కొడుకు బొంబాయి పనికి వలసపోయినందున తోడున్నది కోడలే, ఆమెతో, “అక్కా, ఇగ ఎడమ పక్కకు తిప్పినం, మల్ల నాలుగు గంటలకు తిప్పాలె. వీపు తడి ఉండొద్దు, మడిమలు ఆనకుండ పిక్కల కింద మెత్త పెట్టు” అని ఆమె భాషలోనే చెప్పి, ఆమెచేత ఒకసారి చేయించి చూచును. మఱునాడు ఎఱ్ఱదనము తగ్గినదా లేదా యని వ్రాయును. తగ్గకున్న ప్రణాళికను మార్చును. ఇందు గొప్ప యంత్రమేమియు లేదు. పుండు పడి చీము పట్టి నెలల తరబడి మంచమున మగ్గవలసిన మనిషి, పుండు లేకుండ ఇంటికి పోవును. నివారింపబడిన కష్టము ఎవరికిని కనబడదు గనుక ఆ నర్సుకు కృతజ్ఞతలు చెప్పువారుండరు.

అయితే ఇచ్చట ఒక చేదుమాట చెప్పవలసియున్నది. విద్యార్థిని వ్రాయు ‘కేర్ ప్లాన్’ తఱచు రోగికొఱకు గాక మార్కులకొఱకు వ్రాయబడును. సీనియరు అక్క పుస్తకమునుండి ఎక్కించుకొన్న ప్రణాళికలో రోగి పేరు మాత్రమే క్రొత్తది. మఱొకవైపు వార్డులోని స్టాఫ్ నర్సు రిజిస్టర్లలో మునిగి, డ్యూటీ ముగియువేళకు బీపీలన్నియు ఒకేసారి పూరించును. కళాశాల పద్ధతియు, వార్డు పద్ధతియు ఒకే ఆవరణలో నుండియు పలుకరించుకొనని దాయాదులవలె నున్నవి. బోధించు ఉపాధ్యాయిని రోజూ వార్డులో నిలిచి, హెడ్ నర్సుతో కలిసి డ్యూటీ మారునప్పుడు ప్రతి మంచమువద్దను రోగి యెదుటనే అప్పగింత జరిపించిననాడు గాని ఈ రెండును కలియవు.

కలిసినచోట ఫలితమెట్లుండునో ప్రసవగృహము సాక్ష్యమిచ్చుచున్నది. నొప్పులు మొదలైన స్త్రీకి గర్భాశయముఖము ఎంత తెఱచుకొన్నదో, బిడ్డ గుండె ఎట్లు కొట్టుకొనుచున్నదో ఎప్పటికప్పుడు ఒకే పటముపై గుర్తించు ‘పార్టోగ్రాఫు’ 1972లో రొడీషియాలో ఫిల్పాట్, కాజిల్ అను వైద్యులచేత ప్రచారమునకు వచ్చినది. ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపవలెనో ఆ గీతయే దూరపు నర్సుకు చెప్పును. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆగ్నేయాసియాలో ముప్పదియైదువేల పైచిలుకు ప్రసవములలో దీనిని పరీక్షించి 1994లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, దీర్ఘకాలపు నొప్పులు నూటికి 6.4 నుండి 3.4కు తగ్గినవి. ఒక కాగితముపై ఒక గీత! మన రాష్ట్రమున 2017లో ప్రభుత్వము ఫెర్నాండెజ్ ఆసుపత్రివారితో కలిసి నర్సులకు పదునెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించినది. సిజేరియన్లకు పేరుమోసిన తెలంగాణలో, సహజప్రసవమును ఓపికతో నడపగల నర్సును తయారుచేయుట నిజముగా సాహసమే.

నాగర్‌కర్నూలు జిల్లాకు ఇంకొక ప్రత్యేకత కలదు: నల్లమల. అమ్రాబాదు అడవిలోని పెంటలనబడు చెంచు గూడెములకు పోవు ఏఎన్ఎమ్మకు వార్డు లేదు, మంచము లేదు, డ్యూటీ అందుకొను రెండవ నర్సు లేదు. గర్భిణి బరువు, రక్తపుశాతము వ్రాసిన కార్డు ఒక్కటే ఆమెకు, మన్ననూరు దాటి ఆ తల్లి చేరబోవు పెద్దదవాఖాన నర్సుకు నడుమనున్న బంధము. ఆ కార్డు చదువకుండ “ఎన్నో నెల?” అని మొదటినుండి అడుగు వార్డులో ఏ పద్ధతియు లేదన్నమాట. గద్వాలలో చదువుకొను బాలికను చదువుకాలమున ఒక్క నెల యైనను ఇట్టి పెంటకు పంపవలెనని నేననుకొందును. కార్డు పంపినవారి శ్రమ తెలిసినగాని అందుకొన్నవారికి దాని విలువ తెలియదు.

2021 నుండి బీఎస్సీ నర్సింగు పాఠ్యక్రమము సెమిస్టర్లుగా మారినది. 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము వచ్చినది. పుస్తకమున లోపము పెద్దగా లేదు. భారత నర్సింగు మండలి బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండవలెనన్నది. కాని రాత్రివేళ ఒక్కతెయే వార్డంతటిని చూచుకొనుచోట రెండు గంటలకొకసారి ప్రక్క మార్చు చార్టు వ్రాయించుట అబద్ధము వ్రాయించుటయే యగును. కావున క్రొత్త కళాశాలలను తనిఖీ చేయ వచ్చు పెద్దలు పగటిపూట ప్రయోగశాలలను చూచి సంతసించి మరలిపోక, రాత్రి రెండు గంటలకు ఒక వార్డులోనికి పోయి, అక్కడి నర్సు ఎందఱి పేర్లు చూడకుండ చెప్పగలదో అడిగి చూచుట మంచిది.