ఏడు తరాల్లో లెక్క తేలేవి ఎన్ని?

తెలుగు పుస్తకాలు చదివే అలవాటున్న నా వయసు వాళ్ళలో "ఏడు తరాలు" చదవనివాళ్ళు తక్కువ. అలెక్స్ హేలీ 1976లో రాసిన "రూట్స్"కి సహవాసి గారి అనువాదం అది. కుంటా కింటే పేరు మనకి చుట్టాల పేరంత దగ్గరైపోయింది. అయితే హేలీ దాన్ని ఉత్త నవలగా ఇవ్వలేదు, మా అమ్మ వైపు వంశచరిత్ర ఇది అని ఇచ్చాడు. అలా ఇచ్చినప్పుడు దాన్ని చరిత్రలాగే తనిఖీ చెయ్యాలి. పురాణాలకి ఆధారాలు అడిగే మనం, మనకి నచ్చిన పుస్తకాన్ని మాత్రం అడక్కుండా వదిలేస్తే ఎలా? రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లూ వోచరూ పక్కపక్కన పెట్టి చూడటమే నా ఉద్యోగం. ఇక్కడా అదే పద్ధతి.

వంశాన్ని వెతికేటప్పుడు తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి. హేలీ అమ్మమ్మ సింథియా, టెనెసీ రాష్ట్రంలో హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో ఉండేది. ఆమె తండ్రి టామ్ మర్రే, ఉత్తర కరొలైనాలోని అలమాన్స్ కౌంటీలో కమ్మరి. బానిసగా పుట్టాడు. అంతర్యుద్ధం అయ్యాక స్వేచ్ఛ వచ్చింది, తర్వాత కుటుంబంతో టెనెసీకి వలస వెళ్ళాడు. ఇదంతా చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని అమ్మమ్మ చెబితే హేలీ విన్నది. పెద్దయ్యాక వాషింగ్టన్‌లోని జాతీయ దస్తావేజుల భవనంలో, యుద్ధం తర్వాతి మొదటి జనాభా లెక్కల మైక్రోఫిల్మ్ తిప్పాడు. అలమాన్స్ కౌంటీ పేజీల్లో కమ్మరి టామ్ మర్రే, భార్య ఐరీన్, పిల్లలు కనిపించారు. అమ్మమ్మ మాట, సర్కారు రిజిస్టరు ఇక్కడ టాలీ అయ్యాయి.

అది 1870 నాటి లెక్క. అంతకు ముందు పదేళ్ళ లెక్కల్లో టామ్ పేరు ఎందుకు దొరకదు? 1850, 1860 లెక్కల్లో బానిసలకి వేరే పట్టీ ఉండేది. అందులో యజమాని పేరు రాసి, కింద బానిసల వయసు, ఆడా మగా, ఒంటి రంగు మాత్రం రాశారు. దాదాపు ఎక్కడా పేరు రాయలేదు. 1860లో అలాంటివాళ్ళు 39 లక్షల 53 వేల మంది పైచిలుకు. మేం స్టోర్సు లెడ్జర్లో దుప్పటికి కూడా ఒక పేరూ నంబరూ రాసేవాళ్ళం!

అందువల్ల 1870 దాటి వెనక్కి వెళ్ళాలంటే మనిషిని కాదు, యజమాని ఆస్తిని వెతకాలి. వీలునామాలు, క్రయపత్రాలు, పన్ను జాబితాలు చూడాలి. బానిస పేరు కనిపిస్తే అక్కడే, ఎకరాల పక్కన, పశువుల పక్కన.

హేలీ ఆ పనే చేశాడు. 1767 సెప్టెంబరు 29న లార్డ్ లిగోనియర్ అనే ఓడ గాంబియా నుంచి మేరీలాండ్‌లోని అన్నాపొలిస్ చేరింది. 1768లో వర్జీనియాలో జాన్ వాలర్ అనే ఆసామి 240 ఎకరాలతో పాటు టోబీ అనే బానిసని విలియం వాలర్‌కి రాసిచ్చిన పత్రం ఉంది. ఆ టోబీయే ఓడలో వచ్చిన కుంటా కింటే అని హేలీ తేల్చాడు. గాంబియాలోని జుఫురే గ్రామంలో, మన పల్లెల్లో వంశాలు పాడే కథకుల వంటి ఒకాయన చెప్పిన మాట దానికి తోడైంది.

1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే పరిశోధకులు వాలర్ల కాగితాలన్నీ తిరగేశారు. ఓడ రాకముందు నాటి ఆరు పత్రాల్లో ఆ టోబీ ఉన్నాడు. హేలీ లెక్కన టోబీ కూతురు కిజ్జీ పుట్టింది 1790లో. 1782 నాటికే కాగితాల్లో టోబీ జాడ లేదు. రెండు పద్దుల్లో ఒకే మొత్తం ఉన్నంత మాత్రాన అవి ఒకే లావాదేవీ కావు. తేదీలు కూడా కలవాలి. దీనికి ముందే, 1978లో, హెరాల్డ్ కోర్లాండర్ నవల "ది ఆఫ్రికన్"లోని భాగాలు "రూట్స్"లోకి వచ్చాయన్న దావాని హేలీ 6,50,000 డాలర్లకి రాజీ చేసుకున్నాడు.

ఇది విని "చూశారా, బానిసత్వం కథంతా కల్పితమే" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు లెక్క తప్పు చదువుతున్నారు. లార్డ్ లిగోనియర్ నిజమైన ఓడ. గాంబియాలో ఎక్కించింది 140 మందిని, దించింది 98 మందిని. 42 తరుగు. ఈ అంకె నిలబడటానికి కుంటా కింటే అవసరం లేదు. 1870కి ముందు పేర్లు లేకపోవడం వారసుల లోపం కాదు. వోచరు పోగొట్టింది వాళ్ళు కాదు, అసలు రాయనిచ్చింది లేదు.

రాసుకునే అవకాశం వచ్చినచోట వాళ్ళు రాసుకున్నారు. విముక్తుల కోసం 1865లో పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు అడిగేవారు. చాలా చోట్ల పాత యజమాని పేరు కూడా. 1874లో బ్యాంకు మూతపడింది. అరవై వేల మందికి పైగా పొదుపుదారులకి దాదాపు 30 లక్షల డాలర్లు నిలిచిపోయాయి. డబ్బు పోయింది కానీ రిజిస్టర్లు మిగిలాయి. అమ్మేయగా చెదిరిపోయిన అన్నదమ్ముల పేర్లు వాటిలో ఉన్నాయి. నేటికీ వాళ్ళ మునిమనవలు తాతల్ని వాటిలోనే వెతుక్కుంటున్నారు.

"ఏడు తరాలు" మళ్ళీ చదవండి, నవలగా చదవండి. అది మన గుండెని కదిలించిందన్నది అబద్ధం కాదు. కానీ చరిత్ర అడిగితే మాత్రం ఆఫ్రికా యువరాజు దాకా పోనక్కర్లేదు. 1870లో అలమాన్స్ కౌంటీలో ఒక ఉద్యోగి ఇంటింటికీ తిరుగుతూ ఒక కమ్మరి పేరు అడిగి, రాసుకుని వెళ్ళాడు. లెక్క తేలిన తరం అది. మిగతావి ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీగా ఉన్నాయో పక్కన రాద్దాం.