నాలుగు గట్ల చుట్టరికం

"అత్తా, చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనట! మా టీచరు చెప్పింది. నిజమేనా?" అంది తాడేపల్లిగూడెం నుంచి సెలవులకొచ్చిన మేనకోడలు.

వడియాలు పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం. కాని నాలుగు గట్ల లెక్క తెలియక మా అమ్మ ఎంత నష్టపోయిందో నాకు తెలుసు.

ఈ చుట్టరికాల తగువు ఈనాటిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రాశాడు. చతుర్భుజాలను భుజాలను బట్టి అయిదు రకాలుగా విడదీశాడు. నాలుగూ సమానమైతే సమం, ఎదురెదురువి సమానమైతే ద్విద్విసమం, రెండే అయితే ద్విసమం, మూడైతే త్రిసమం, ఏవీ కలవకపోతే విషమం.

రాష్ట్రకూటులకూ మన వేంగి చాళుక్యులకూ తరతరాల పగ. ఆ వేంగి ఎక్కడో కాదు, మన ఏలూరు పక్కనున్న పెదవేగే. అయితేనేం, విద్యకు పగేమిటి? ఆ తర్వాత పావులూరి మల్లన అదే గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునేది దాన్నే.

అయితే పాతవాళ్ళు ఒక్కో రకాన్నీ వేరు కాపురం పెట్టించారు. గ్రీకుల యూక్లిడ్ కూడా అంతే, చతురస్రాన్ని దీర్ఘచతురస్రాల్లో కలవనివ్వలేదు. ఇప్పటి లెక్కల్లో అందరిదీ ఉమ్మడి కుటుంబం. ఎదురెదురు భుజాలు సమాంతరంగా ఉంటే సమాంతర చతుర్భుజం. దాని మూలలు నాలుగూ లంబకోణాలైతే దీర్ఘచతురస్రం. భుజాలన్నీ సమానమైతే సమచతుర్భుజం. రెండు లక్షణాలూ ఉన్నది చతురస్రం. అంటే అది ఆ రెండిళ్ళకూ చెందిన బిడ్డ! గూడెం వాళ్ళంతా గోదావరి వాళ్ళే గాని, గోదావరి వాళ్ళంతా గూడెం వాళ్ళవుతారా? ఇదీ అంతే.

ఇందులో అసలు కిటుకు పట్టుకున్నవాడు భాస్కరాచార్యుడు. భుజాలు అవే అయినా కర్ణం మారితే వైశాల్యం మారిపోతుందని 1150లో రాసిన 'లీలావతి'లో హెచ్చరించాడు.

ఆ ముక్క మావాళ్ళకు తెలిస్తేనా! నేను పుట్టకముందు, అమ్మ గాజులమ్మి కొల్లేటి పక్కన చెక్క పొలం కొంది. నాలుగు గట్లూ కొలిచారు, ఒక్కొక్కటీ అరవై గజాలు. అరవై అరవైలు 3600 చదరపు గజాలని డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారు. కరణాన్ని అడిగారు గాని కర్ణాన్ని అడగలేదు!

మొన్న పంపకాలప్పుడు సర్వేయరు ఐమూలగా కొలిచాడు. ఒక కర్ణం 96 గజాలు, రెండోది 72. చతురస్రమైతే రెండూ ఒకటే ఉండాలి కదా? రెంటినీ గుణించి సగం చేస్తే 3456. అంటే 144 గజాలు, దాదాపు మూడు సెంట్లు, అసలు లేనే లేవు. అది చతురస్రం కాదు, కాస్త పక్కకు ఒరిగిన సమచతుర్భుజం. అమ్మ ఏమీ అనలేదు, బోసి చేతులు ఒకసారి చూసుకుంది.

"నిజమేనే" అన్నాను మేనకోడలితో. "చతురస్రం ప్రతిదీ సమచతుర్భుజమే, దీర్ఘచతురస్రమే. తిరగేసి మాత్రం నమ్మకు. నమ్మితే గాజులు పోతాయి."

అదేమీ అర్థంకాక తన చేతి గాజుల వంక చూసుకుంది పిచ్చితల్లి. నేను మళ్ళీ వడియాల్లో పడ్డాను.