వడగాలియు మఱ్ఱినీడయు

హైదరాబాదునుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు బాటకు ఇరువైపుల నిజాము కాలమున నాటిన మఱ్ఱిచెట్లు సుమారు 900 కలవు. రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నము ఆ నీడను విడిచి ప్రక్క చేలలోనికి పది యడుగులు వేసినచో వడగాలి యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ చేలలో టమాటాలు కోయు కూలిస్త్రీలు ప్రొద్దెల్ల ఆ యెండలోనే యుందురు.

ఎండలు మన పూర్వులును ఎఱుగుదురు. హైదరాబాదులో 1966 జూన్ 2వ తేదీననే 45.5 డిగ్రీల వేడిమి నమోదైనది. మరణముల లెక్కను పత్రికలు ప్రతిదినము ప్రకటించుట మాత్రము ఇటీవలి పద్ధతి. 2003 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. 2015లో దేశమున రెండువేలమందికి పైగా మరణింపగా వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రములవారే. వీరిలో కూలీలును వృద్ధులును మెండు.

మన దేహము 37 డిగ్రీలయొద్ద నిలుచుటకు చెమటయే ఆధారము. చెమట ఆఱినప్పుడే ఒడలు చల్లబడును. గాలిలో తేమ హెచ్చినచో అది కాఱునే కాని ఆఱదు. లోపలి వేడిమి 40 డిగ్రీలు దాటిన పిదప మతి తప్పును, మూత్రపిండములు చెడును, గుండె అలసి నిలిచిపోవును. అంతట గుండెజబ్బుతో పోయెనని ఇరుగుపొరుగువారు చెప్పుకొందురు.

మా ఆక్షేపణ యిచ్చటనే. వడదెబ్బ మరణమని ఒప్పుకొనుటకు తహసీలుదారు, వైద్యుడు, పోలీసు ఉద్యోగి కలసి ధ్రువపఱుపవలెను. 2025లో తెలంగాణ ప్రభుత్వము మృతుల కుటుంబములకిచ్చు సహాయమును 4 లక్షల రూపాయలకు పెంచినది, సంతోషమే. కాని చేనినుండి వచ్చి నీళ్లు త్రాగి పండుకొని, దీపాలవేళకు లేవకపోయిన అవ్వకొఱకు ఈ ముగ్గురిని పిలుచువారెవరు? మఱునాటి ఉదయమునకే దహనమైపోవును. లెక్కకెక్కినవారికంటె ఎక్కనివారు ఎక్కువయని మా నమ్మకము.

అహమ్మదాబాదువారు 2010 నాటి వడగాలితో మేల్కొని, 2013లో ముందస్తు హెచ్చరికలకును వైద్యుల శిక్షణకును ఏర్పాట్లు చేసిరి. అంతకు చాల పూర్వమే, క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో, అశోకుడు బాటలవెంట మనుష్యులకును పశువులకును చెట్లు నాటించి బావులు త్రవ్వించిన సంగతిని శిలలపై చెక్కించెను. ఆ శాసనము కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో నేటికిని కలదు. మన యిండ్లముందు వేసవిలో చలివేంద్రము పెట్టుటయు అట్టి ధర్మమే.

చేవెళ్ల బాటను వెడల్పు చేయు సందర్భమున ఈ మఱ్ఱులను తొలగింప నెంచగా, వృక్షములపై మక్కువగలవారు జాతీయ హరిత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. మధ్యాహ్నము గంప దింపుకొని ఆ మొదళ్లయొద్ద కూర్చుండు కూలిస్త్రీలను మాత్రము ఎవరును సాక్ష్యమడుగలేదేమోయని మాకు తోచుచున్నది.