పిడుగుకు పక్కదారి

ఇనుప కడ్డీ ఒక కొస తడినేలలో మూడు నాలుగు అడుగుల లోతున ఉండాలి, రెండో కొస ఇంటి కప్పును మించి ఆరెనిమిది అడుగులు లేవాలి. ఫిలడెల్ఫియా ముద్రాపకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1753 నాటి తన పంచాంగంలో అచ్చువేసిన ఉపాయమిది. ఆ కడ్డీ పిడుగును ఆపదు. గోడల్ని చీల్చకుండా నేలలోకి దిగే దారి చూపుతుంది, అంతే. నేడు అమెరికా ఇళ్లపై సోలార్ ప్యానెళ్లను కాపాడే పద్ధతికీ ఇదే మూలం.

అయితే కడ్డీ ఒక్కటే చాలదని తంతి తీగలు, ఆ తర్వాత కరెంటు తీగలు నేర్పాయి. దూరాన పడ్డ పిడుగు తీగల వెంట పాకివచ్చి యంత్రాలను కాల్చేసేది. 1920లో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ దగ్గర, జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు చార్ల్స్ స్టైన్‌మెట్జ్ విడిది ఇంటి మీద పిడుగు పడింది. పగిలిన అద్దం ముక్కల్ని ఏరి, తిరిగి పేర్చి, పిడుగు పోయిన జాడను ఆయన పరిశీలించాడు. 1922లో ప్రయోగశాలలోనే 1,20,000 వోల్టుల కృత్రిమ పిడుగును పుట్టించాడు. విద్యుత్ పరికరాలు పిడుగుకు ఎలా తట్టుకుంటాయో చూడటానికి ఇక వానాకాలం దాకా ఆగనక్కరలేకపోయింది.

1954లో బెల్ ల్యాబ్స్ సిలికాన్ సోలార్ సెల్‌ను లోకానికి చూపింది. మరుసటి ఏడాది అక్టోబరులో అది జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ ఊరి దగ్గర టెలిఫోన్ స్తంభమెక్కింది.

పిడుగుకు చిక్కే చోటే అది: ఆరుబయట, ఎత్తున, పొడవాటి తీగల చివర! పైగా సిలికాన్ సున్నితమైనది. డయోడ్లయినా, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటి ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లోని ట్రాన్సిస్టర్లయినా పరిమితి దాటిన వోల్టేజీకి క్షణంలో నూరోవంతు కూడా ఓర్చుకోలేవు. తీగల వెంట వచ్చే పిడుగును నేలలోకి మళ్లించే పాతకాలపు అరెస్టర్లు ఇంత నాజూకైన సరుకు కోసం పుట్టినవి కావు.

ఆ లోటు తీర్చింది ఒక పింగాణీ బిళ్ల. 1960ల చివర జపాన్‌లోని మత్సుషిత సంస్థలో మిచియో మత్సువోక జింక్ ఆక్సైడ్ పొడిలో కొద్దిగా బిస్మత్ ఆక్సైడ్ వంటివి కలిపి కాల్చి తయారుచేసిన వేరిస్టర్ అది. అందులో రేణువుకూ రేణువుకూ నడుమ ఉన్న పొర సుమారు మూడు వోల్టుల వరకు కరెంటును అడ్డుకుంటుంది, మించితే వదిలేస్తుంది. బిళ్ల మందం పెంచితే పొరలు పెరుగుతాయి, తట్టుకునే వోల్టేజీ పెరుగుతుంది. లెక్క ఎంత చక్కగా కుదిరిందో! దాని తయారీ హక్కులు తీసుకుని 1970లలో జనరల్ ఎలక్ట్రిక్ దాన్ని అమెరికాలో అమ్మింది. వోల్టేజీ ఉప్పెన నుంచి పరికరాలను కాపాడే నేటి సర్జ్ ప్రొటెక్టర్లలో ఎక్కువ వాటికి గుండెకాయ ఇదే.

సర్జ్ ప్రొటెక్టర్ పెట్టె కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. ప్యానెళ్ల ప్లస్, మైనస్ తీగలు దూరదూరంగా పోతే ఆ నడుమ ఏర్పడే వలయంలో, పక్కవీధిలో పడ్డ పిడుగు కూడా వోల్టేజీ పుట్టిస్తుంది. అందుకే వాటిని జంటగా నడపాలి. ప్యానెళ్లకు విడిగా ఎర్త్ కడ్డీ పాతి, ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం మరీ ప్రమాదం: రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా ఇన్వర్టర్ గుండా దూసుకుపోతుంది.

అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలో సోలార్‌కు ప్రత్యేక అధ్యాయం 1984లో చేరింది. 2020 కూర్పు, ఇళ్లకు కరెంటు వచ్చే చోట సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలంది. కప్పు మీది డీసీ తీగలు ఆ నియమం కిందికి రావు. అక్కడ కావాలంటే ఇంటివారే అడిగి పెట్టించుకోవాలి.