మన్ననూరు గేటు దాటాక: నల్లమలలో మనిషి మీద జరిగిన పరిశోధన

అమ్రాబాద్ పీఠభూమి చుట్టూ ప్రభుత్వం రెండుసార్లు గీత గీసింది. మొదటి గీత 1940లలో నిజాం సర్కారుది. దాని లోపల చెంచుల బతుకుకు ఎవరూ అడ్డం రావద్దని. రెండో గీత 1983లో పడింది. దాని లోపల పులికి ఎవరూ అడ్డం రావద్దని. నేల అదే, పెంటలు (చెంచుల గూడేలు) అవే. మొదటి గీతకు ముందు ఒక మానవశాస్త్రవేత్త ఆ పెంటల్లో నెలల తరబడి ఉన్నాడు. రెండో గీతకు ముందు అడవిలో జంతువులను లెక్కపెట్టారు. ఈ రెండు రకాల చదువులూ ఇప్పటికీ ఒకదానితో ఒకటి సరిగా కలవలేదు. ఈలోగా మూడో మనిషి వచ్చాడు. శని, ఆదివారాల్లో కారేసుకుని హైదరాబాదు నుంచి వచ్చే యాత్రికుడు. అతని గురించి మనకు తెలిసింది ఇంకా తక్కువ.

ఆ మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, వియన్నాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన మన దేశంలో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. అందుకని హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి వీల్లేదన్నారు. ఆ నిర్బంధమే మనకు మేలు చేసింది. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పైకి వెళ్లి చెంచు పెంటల పక్కన డేరా వేసుకున్నాడు. 1943లో లండన్‌లో అచ్చయిన ఆయన చెంచుల పుస్తకం హైదరాబాద్ ఆదివాసుల గ్రంథమాలలో మొదటి సంపుటం. అంతకుముందు 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ చెంచులు ఉన్నారు. కానీ అక్కడ వాళ్లు అక్షరక్రమంలో వచ్చే వందల కులాల మధ్య ఒక పేరు. హైమండార్ఫ్ పుస్తకంలో మాత్రం ఏ కుటుంబం ఏ కాలంలో ఎటు కదులుతుందో, ఏ కొండ ఏ వంశం వాళ్లదో తెలుస్తుంది.

ఆ పుస్తకంలోని ఒక సంగతి ఈనాటి అటవీ నిర్వహణకూ పనికొస్తుంది. చెంచు అంటే వేటగాడని బయటివాళ్ల నమ్మకం. ఆయన చూసిన చెంచు కడుపు నింపింది వేట కన్నా గడ్డలు, దుంపలు, పండ్లు. మొనకు ఇనుము తొడిగిన కర్రతో ఆడవాళ్లూ మగవాళ్లూ పొద్దంతా తవ్వేవాళ్లు. విల్లంబులు చేతిలో ఉన్నా మాంసం దొరికేది ఎప్పుడో ఒకసారి. అడవిలో జంతువులు తగ్గాయంటే ముందు చెంచు వైపు వేలు చూపే అలవాటుకు అప్పుడే జవాబు దొరికింది. అదే కాలంలో నిజాం దొరల షికారుకు ఫరహాబాద్ మీద భవనం ఉండేది. దాని శిథిలాలను ఇప్పుడు సఫారీకి వచ్చినవాళ్లు చూస్తున్నారు.

తేనె సంగతి ఇంకా లోతైనది. లోయ అంచున వేలాడే పట్టు కోసం మనిషి అడవి నారతో పేనిన తాడు పట్టుకుని కిందికి దిగుతాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది సొంత తమ్ముడు కాదు, బావమరిది. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి కాబట్టి అతను తాడు వదలడని చెంచులు చెబుతారు. తేనె తీయడం అంటే చుట్టరికం, నమ్మకం, కొండ మీద హక్కు, అన్నీ కలిసిన పని. దాన్ని అటవీ ఫలసాయం కిలోల లెక్కలో రాసుకుంటే సగం చదువు పోతుంది.

హైమండార్ఫ్ సిఫారసులతో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం కేటాయించింది. కాంట్రాక్టర్ల, చిన్న ఉద్యోగుల పీడ నుంచి వాళ్లను కాపాడాలన్నది ఉద్దేశం. ఒక పరిశోధకుడి మాట విని సర్కారు అడవిలో హద్దు గీయడం మన దగ్గర అరుదైన విషయం. సంస్థానం పోయాక, రాష్ట్రాలు మారాక ఆ హద్దు కాగితాల్లో అడుగున పడింది. ఆయన 1970లలో మళ్లీ వచ్చి, తను చూసిన తెగలన్నిటిలో వచ్చిన మార్పును 1982లో ఇంకో పుస్తకంగా రాశాడు. ఒకసారి చదివిన ఊరికి దాదాపు నలభై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి లెక్క చెప్పిన పరిశోధకులు ఎందరున్నారు?

ఆ లోపల దేశంలో గాలి మారింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1978లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాయి. అప్పట్లో 3,568 చదరపు కిలోమీటర్లు, ఐదు జిల్లాలు, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. అప్పటి నుంచి పరిశోధన అంటే పాదముద్రలు, ఆ తర్వాత కెమెరాలు. ఆ శ్రమ విలువ తక్కువ కాదు, అది లేకపోతే పులి ఉందో లేదో కూడా తెలిసేది కాదు. కానీ జంతువు వెంట నడిచి ముద్ర చూపించిన చెంచు ఆ నివేదికల్లో కూలీగా మిగిలాడు. నక్సలైట్ల కాలంలో బయటి పరిశోధకులు లోపలికి వెళ్లలేకపోయిన రోజుల్లో అడవిని ఎరిగి ఉన్నది పెంటల వాళ్లే.

అడవికి వచ్చే మనుషుల మీద పరిశోధన అమెరికాలో వేరే దారిలో పెరిగింది. 1958లో అక్కడి పార్లమెంటు ఆరుబయటి వినోదం మీద ఒక కమిషన్ వేసింది. 1962లో ఆ నివేదిక వచ్చింది. 1964లో అలన్ వాగర్ అనే పరిశోధకుడు ఒక అడవి ఎంతమందిని మోయగలదన్నది మట్టిని, చెట్టును చూసి మాత్రమే తేల్చే లెక్క కాదన్నాడు. వచ్చేవాడు ఏం కోరి వస్తున్నాడో కూడా చూడాలన్నాడు. ఆ మాట మన నల్లమలకు అక్కడి కన్నా ఎక్కువ వర్తిస్తుంది. మన దగ్గర అడవికి వచ్చేవాడు మొదట భక్తుడు, ఆ తర్వాతే పర్యాటకుడు.

కృష్ణా నది వైపు కథ ఇంకా బాధాకరమైనది. శ్రీశైలం జలాశయం కింద సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1981లో ఖాళీ చేయించిన తీరును లోకాయన్ అనే బృందం పరిశీలించి రాసింది. కూల్చిన ఇళ్ల మధ్య నుంచి సామాన్లు మోసుకుపోయిన జనం అందులో కనిపిస్తారు. అదే ముంపులో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. కొల్లాపూర్ దగ్గర సోమశిల గుడి కూడా అలాగే పైకి వచ్చింది. ఆ గుళ్లు మిగలడం మంచిదే. అయితే ఏ రాయి ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ చేరిందో చెప్పగలిగిన మనం, ఏ కుటుంబం ఎక్కడికి పోయి ఎలా బతికిందో అంత కచ్చితంగా చెప్పలేం. ఇప్పుడు సోమశిల రేవులో పడవ ఎక్కి నీళ్ల అందం చూసేవాళ్లకు, ఆ నీళ్ల కింద పొలాలున్నాయని చెప్పే బోర్డు ఒక్కటైనా ఉండాలి.

అడవి దాటి వస్తే, వనపర్తి, గద్వాల చేలల్లో వన్యప్రాణి అంటే వేరే అర్థం. అక్కడ అడవి లేకపోయినా అడవిపంది ఉంది. వేరుశనగ చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా మంచె మీద కూర్చునే రైతుకు పులుల లెక్కతో పని లేదు. అతని ఓర్పు ఎంత, నష్టపరిహారం చేతికి వచ్చేసరికి ఎన్ని తిరుగుళ్లు అన్నది కూడా వన్యప్రాణి నిర్వహణే. ఈ మాట ఊళ్లలో అందరికీ తెలుసు, పరిశోధనల్లోనే తక్కువ.

సరిస్కా రిజర్వులో పులులు పూర్తిగా మాయమయ్యాక 2005లో సునీతా నారాయణ్ నాయకత్వంలోని టాస్క్‌ఫోర్స్ నివేదిక ఇచ్చింది. పులి బతకాలంటే చుట్టుపక్కల మనుషులకు అందులో భాగం ఉండాలని, పర్యాటకం డబ్బు వాళ్లకూ చేరాలని చెప్పింది. 2006లో అటవీ హక్కుల చట్టం, వన్యప్రాణి చట్టానికి సవరణ రెండూ వచ్చాయి. 2012 జులైలో సుప్రీంకోర్టు పులుల రిజర్వుల నడిమి (కోర్) ప్రాంతాల్లో పర్యాటకాన్ని ఆపేసి, అక్టోబరులో నిబంధనలతో అనుమతించింది. ఆ నిబంధనల ప్రకారం కోర్‌లో ఇరవై శాతానికి మించి సందర్శకులకు తెరవకూడదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. 2021లో మన్ననూరులో రాత్రి బసతో కూడిన యాత్ర మొదలుపెట్టారు. చెంచు యువకులు గైడ్లుగా చేరారు.

కానీ అడవిలోకి వచ్చే జనంలో సఫారీ వాళ్లు కొద్దిమందే. శ్రీశైలం రోడ్డు మీద పోయేవాళ్లు, చైత్ర పౌర్ణమికి సల్లేశ్వరం లోయలోకి దిగే వేలమంది అసలు జనం. సల్లేశ్వరంలో పూజారి చెంచే, భక్తుడు మైదానం వాడు. ఏడాదికి ఒక్కసారి ఆ రెండు లోకాలు ఒకే బండ మీద నిలబడతాయి. రోడ్డు మీద ఇంకో దృశ్యం. కారు ఆగుతుంది, అద్దం దిగుతుంది, అరటిపండు బయటికి వస్తుంది. పిల్లను కడుపుకు కరుచుకున్న కోతి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతుంది. పెట్టొద్దని బోర్డులున్నాయి. పెట్టేవాడికి అది ఆంజనేయుడికి పెట్టినట్టు, అందులో పుణ్యం ఉంది. అటవీ అధికారి జరిమానాకు మారని మనిషి గుడి అర్చకుడి మాటకు మారవచ్చు. ఎవరి మాట వింటారో తెలుసుకోవడమే ఇక్కడ సామాజిక శాస్త్రం చేయాల్సిన పని.

2019లో అమ్రాబాద్ రిజర్వులో యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. అప్పుడు పెంటల వాళ్లతో పాటు పట్నం జనమూ గొంతు కలిపారు. సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవిని ఒక్కసారైనా చూసిన వాళ్లు ఆ గొంతులో చాలామంది ఉండి ఉంటారని నా నమ్మకం. పర్యాటకం మీద కోపం ఉన్నవాళ్లు కూడా ఈ సంగతి తూచి చూడాలి.

ఇప్పుడు నడుస్తున్నది పెంటల తరలింపు చర్చ. కుటుంబానికి పది లక్షలున్న ప్యాకేజీని 2021లో పదిహేను లక్షలకు పెంచారు. 2006 సవరణలో ఒక నిబంధన ఉంది. ఊరిని కదిలించే ముందు గిరిజనుల సమ్మతి తీసుకోవాలి. పులీ మనిషీ కలిసి బతికే దారి లేదని, ఆ ప్రాంతం తెలిసిన స్వతంత్ర సామాజిక శాస్త్రవేత్తను సంప్రదించి తేల్చాలి. 1940లో యుద్ధం పుణ్యమా అని వచ్చిన హైమండార్ఫ్ లాంటి మనిషికి 2006లో చట్టంలోనే చోటు దొరికిందన్నమాట. ఆ చోటులో కూర్చునేవాళ్లు మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం నుంచి రావచ్చు, పెంటల్లోనే పుట్టి చదువుకున్న వాళ్లు కావచ్చు. తునికాకు తెంపే ఎండాకాలం, సల్లేశ్వరం జాతర, తేనె కాలం, అన్నీ వాళ్లు పెంటలో ఉండి చూడాలి. వానాకాలంలో మూడు నెలలు సఫారీ మూసేస్తారు, పర్యాటకులు రారు, గైడ్ల జీతం సంగతి ఏమిటో అప్పుడే తెలుస్తుంది. ఆ మూడు నెలలూ పరిశోధకులు అక్కడే ఉండాలి.