ఇల్లందు బొగ్గు, లండన్ విచారణ

1953లో ఖమ్మం జిల్లా విడిపోయేదాకా ఇల్లందు వరంగల్ జిల్లాలోనే ఉండేది. సింగరేణి కథ మొదలైంది అక్కడే. జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఆ ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. తవ్వకం మాత్రం 1889లో గానీ మొదలవలేదు. ఈ పద్దెనిమిదేళ్లలో బొగ్గు చుట్టూ నడిచిన రాజకీయం ఇవాళ్టి ఇంధన విధానం గొడవలకు ఏమాత్రం తీసిపోదు.

బొగ్గు కదలాలంటే రైలు కావాలి. అప్పటికి నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్ దాకానే. దాన్ని వరంగల్ మీదుగా బెజవాడకూ, మరో పాయగా చాందాకూ పొడిగించే పనిని లండన్ పెట్టుబడిదారులకు అప్పగించాలని 1883లో దర్బారు తలపెట్టింది. పెట్టుబడికి వడ్డీ హామీ నిజాం ఖజానాదే! షరతులేమిటో ప్రజల ముందు పెట్టమని హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్లు అడిగారు. వారిలో ముందు నిలిచినవాడు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ. అడిగినందుకు ఆయన్ను సంస్థానం దాటించారు. ఒప్పందం ఆగలేదు.

1886లో రైలు వరంగల్ చేరింది. అదే ఏడాది సంస్థానంలోని గనుల హక్కులు 99 ఏళ్లకు వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి దక్కాయి. వాళ్లు పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ మూలధనం పేరుకు పది లక్షల పౌన్లు. లక్ష షేర్లలో 85 వేలు హక్కుదారుల ఖాతాలోకే వెళ్లాయి. అందులో కొన్నింటిని ముఖవిలువకు మించిన ధరకు నిజాం ప్రభుత్వం చేతే కొనిపించాడు, ఆ ప్రభుత్వ అధికారే అయిన అబ్దుల్ హక్. గుట్టు రట్టయ్యాక 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ కొలువు పోయింది. గనులు కంపెనీ చేతిలోనే ఉండిపోయాయి.

షేర్లు, లాభాలు, వాటాలు. ఆ విచారణకు కావలసింది అంతే. బొగ్గు పొరల మీద కోయ గూడేలున్న సంగతి అసలు వివాదంలోకే రాలేదు.

1920లో అదే కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనేసింది. ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సు చివరి గంటల్లో, బొగ్గును పూర్తిగా మానడం కాదు, క్రమంగా తగ్గించడం అని రాయాలని భారత్ పట్టుబట్టి సాధించింది. నెల తిరక్కుండానే, డిసెంబరు 9 నుంచి మూడు రోజులు సింగరేణి కార్మికులు సమ్మె కట్టారు. కారణం, కేంద్రం వేలానికి పెట్టిన నాలుగు బొగ్గు బ్లాకులు. వాటిలో ఇల్లందు పక్కనున్న కోయగూడెం కూడా ఉంది. బొగ్గు ఎన్నాళ్లు కాల్చాలన్నది అక్కడి చర్చ, ఎవరు తవ్వాలన్నది ఇక్కడి పోరాటం. రెండూ ఒకదానికొకటి ఎదురుపడనే లేదు.

బొగ్గు మీద ఆంక్షలు పెడితే కొలువులు పోతాయని నాయకులంటారు. అది నిజమైన భయమే. కానీ 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. 2023-24లో సంస్థ ఉత్పత్తి మాత్రం ఏడు కోట్ల టన్నులు. ఏ ఆంక్షా రాకముందే ఓపెన్‌కాస్టు యంత్రాలు ఆ పని చేసేశాయి. ఇప్పుడు సింగరేణి సోలార్ ప్లాంట్లూ కడుతోంది. వాటిలో గని కార్మికుల పిల్లలకు ఎన్ని కొలువులు, మూతపడిన గనుల నేల ఎవరికి అన్న లెక్క వేలం పత్రాల్లోకీ, వాతావరణ ఒప్పందాల్లోకీ ఎక్కాలి.